గురజాడవారు: సంభాషణము, స్వగతము

ఆధునికాంధ్ర సాహిత్యమునకు బాట వేసిన మహనీయులలో శ్రీ గురజాడ వేంకట అప్పారావుగారు అగ్రగణ్యులు. వారు 1862 సెప్టెంబరు 21వ తేదీన విశాఖపట్టణము జిల్లా రాయవరములో జన్మించిరి. 1886లో బి. ఏ. పట్టము పొంది, విజయనగరము మహారాజావారి కళాశాలలో అధ్యాపకులైరి. పిదప ఆనందగజపతి మహారాజావారి ఆదరమునకు పాత్రులై, సంస్థానమున శాసన పరిశోధకులుగా పనిచేసిరి.

ఆ కాలమున పసిబిడ్డలను వృద్ధులకు సొమ్ము పుచ్చుకొని కట్టబెట్టు దురాచారము ఆ ప్రాంతమున ప్రబలియుండెను. దానిని ఖండించుటకై వారు ‘కన్యాశుల్కము’ రచించిరి. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయిన ఆ నాటకమును 1909లో ఎంతో పెంచి తిరిగి వ్రాసిరి.

జనులకు చెప్పదలచినది జనుల వాడుక భాషలోనే ఉండవలెనని వారి నమ్మకము. అయితే వారి ప్రజ్ఞ అంతటితో ఆగలేదు. మనిషి ఎదుటివానినిబట్టి మాట మార్చుననియు, ఒంటరిగా ఉన్నప్పుడే ముసుగు తీయుననియు వారు గ్రహించిరి. గిరీశమునే చూడుడు. వెంకటేశము ఎదుట ఇంగ్లీషు పలుకులు దొర్లించి గురువగును. వ్యాజ్యములనిన ప్రాణము పెట్టు అగ్నిహోత్రావధానులకు దస్తావేజులు తర్జుమా చేయు ఆప్తుడగును. బుచ్చమ్మ ఎదుట వితంతూద్ధారకుడగును. కాని నాటకారంభమున బొంకులదిబ్బపై తనతో తాను మాటాడుకొనునప్పుడు, సరకులకని ఇచ్చిన పూటకూళ్ళమ్మ సొమ్ము కాజేసి, ఊరు విడువజూచు మోసగాడుగా బయటపడును. సంభాషణమున దాగినది స్వగతమున తేలును. మనస్సుకు, మాటకు గల ఈ సంబంధమును అంత సహజముగా చూపిన తెలుగు నాటకము అంతకుముందు లేదనవచ్చును.

సహాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారితో కలిసి వారు వ్యావహారిక భాషకై పోరాడిరి. మదరాసు విశ్వవిద్యాలయ సంఘములో అధికసంఖ్యాకులు సమ్మతింపకపోగా, 1914లో తమ అసమ్మతిని దీర్ఘపత్రముగా సమర్పించిరి. అప్పటికే ఆరోగ్యము క్షీణించియుండెను. 1915 నవంబరు 30వ తేదీన వారు కీర్తిశేషులైరి. తమ జీవితకాలమున గెలువని వాదము అది. తరువాత పత్రికలును, కథలును, నవలలును ఆ బాటనే నడచినవి.

స్వస్థలమునకు దూరముగా నుండి, ఫైళ్ళపై ఒక భాషయు, ఇంటిలో మరియొక భాషయు వాడు మనకు వారి జీవితము ఒక హెచ్చరిక. ఈ వ్యాసమే గ్రాంథికపు వాసన వీడలేకున్నది! అయినను, మన పిల్లలు పదిమందిలో ఏ భాష మాటాడినను, తమలో తాము అనుకొనునది తెలుగులో అనుకొనగలిగినచో గురజాడవారి ఋణము కొంత తీరినట్లే.