దామెర్ల రామారావు

ఋష్యశృంగుని కథ తెలియని తెలుగువారు అరుదు. అంగదేశంలో వానలు లేక ప్రజలు అలమటించగా, స్త్రీని ఎన్నడూ చూసి ఎరుగని ఆ మునికుమారుణ్ణి వారకాంతలు మురిపించి రోమపాదుని నగరానికి తీసుకొనివచ్చారు. ఆయన అడుగిడినంతనే మేఘం వర్షించింది. ఈ గాథను ‘ఋష్యశృంగ బంధనం’గా చిత్రించి, 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి పొందిన పాతికేళ్ల యువకుడు దామెర్ల రామారావు.

రామారావు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించాడు. చదువుకన్నా బొమ్మలమీదనే ఆయనకు మక్కువ. రవివర్మ అచ్చుచిత్రాలను చూసి గీయడం బాల్యంలో ఆయన అభ్యాసం. స్థానిక ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ చేతిలోని శక్తిని గుర్తించి, అనుకరణ మాని కంటికెదురుగా ఉన్న ప్రకృతిని గీయవలసిందిగా దారి మళ్లించాడు. అజంతా గుహలను చూపించాడు. 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పంపించాడు. శిష్యుని ప్రతిభను ఇంతగా తనదిగా భావించిన గురువులు ఎందరుంటారు?

బొంబాయిలో నేర్పినది పాశ్చాత్య పద్ధతి. ఐరోపాలో పదిహేడవ శతాబ్దపు బరోక్ చిత్రకారులు, ముఖ్యంగా రూబెన్స్ వంటివారు, గ్రీకు రోమన్ పురాణగాథలను మెలితిరిగే దేహాలతో, వెలుగు చీకట్ల సంఘర్షణతో ఉద్రేకభరితంగా చిత్రించారు. మన పురాణాలకు తైలవర్ణాల నిండుదనాన్ని తెచ్చినవాడు రవివర్మ. రామారావు శరీరనిర్మాణ జ్ఞానాన్ని బొంబాయినుండి గ్రహించాడే గాని, ఆ ఆర్భాటాన్ని స్వీకరించలేదు. ఆయన బొమ్మకు ప్రాణం రేఖ. అజంతా కుడ్యచిత్రాలలో వలె అది వంపు తిరుగుతూ సాగుతుంది. వర్ణాలు పలుచగా, మృదువుగా ఒదుగుతాయి. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’, ‘కృష్ణలీల’ చిత్రాలు ఇందుకు సాక్ష్యాలు. అంతమాత్రాన వంగదేశపు చిత్రకారుల శైలికి ఆయన లోబడినాడని అనలేము. ఆయన స్త్రీమూర్తుల కట్టూబొట్టూ, నడకా గోదావరీ తీరానివే.

స్వస్థలానికి తిరిగివచ్చి రామారావు చిత్రకళాశాలను నెలకొల్పాడు. మిత్రులకూ శిష్యులకూ తోడు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా ఆయన వద్ద కుంచె పట్టారు. ఆడపిల్లకు అక్షరాభ్యాసమే గొప్పగా తలచిన రోజులవి. ఆయన చిత్రాలు విదేశ ప్రదర్శనలకు కూడా వెళ్లాయి. కాని ఆ వైభవం ఎక్కువకాలం నిలువలేదు. మశూచి సోకి 1925 ఫిబ్రవరి 6న, ఇరవై ఎనిమిదో ఏడు నిండకమునుపే ఆయన కన్నుమూశాడు.

మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బొమ్మలు చెల్లాచెదరు కానీయక కాపాడాడు, పాఠశాలను తాను నడిపించాడు. రాజమహేంద్రవరంలో రామారావు పేరిట వెలసిన చిత్రశాలలో ఆయన చిత్రాలు భద్రంగా ఉన్నాయి.