దెయ్యాల్ని నమ్మని బేతాళ కథకుడు

ధర్మపురి: చెట్టు మీది బేతాళుడు ఇక్కడి తెలుగిళ్లకు కొత్తవాడేం కాదు. 'చందమామ' తెలుగులోనూ, తమిళంలో 'అంబులిమామ'గానూ 1947లోనే మొదలైంది. ఆ కథల వెనకున్న కొడవటిగంటి కుటుంబరావు మాత్రం దెయ్యాల్ని నమ్మని మనిషి.

1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టారు. ఫిజిక్సు చదివారు. 'చదువు' నవల రాశారు. 1952 నుంచి మద్రాసులో 'చందమామ'కు సంపాదకత్వం వహించారు. 1980 ఆగస్టు 17న కన్నుమూసే దాకా అదే పని.

హేతువాది పిల్లలకు రాక్షసుల కథలివ్వడమేంటని అనిపించొచ్చు. పసివాళ్ల ఆట చూస్తే జవాబు దొరుకుతుంది. మట్టితో అన్నం వండి అందరికీ వడ్డిస్తారు. ఆకలేస్తే మాత్రం అమ్మ దగ్గరికే పరిగెడతారు. ఏది ఆటో వాళ్లకు తెలుసు.

ఎదుటివాడి నమ్మకం అర్థం కావడానికి ఇంకొంచెం టైము పడుతుంది. 1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు పిల్లలకో కథ చెప్పారు. ఓ అబ్బాయి చాక్లెట్ దాచి ఆటకెళ్లాడు. వాళ్లమ్మ దాన్ని వేరే అలమారులోకి మార్చింది. వాడొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్లవాళ్లు కొత్తచోటే చూపారు. నాలుగు దాటినవాళ్లలో సగానికి పైగా పాతచోటు చూపారు. అబ్బాయికి సంగతి తెలియదని వాళ్లు పసిగట్టారు.

దొంగను బోల్తా కొట్టించే కథకు పిల్లలు పకపకా నవ్వేదీ ఇందుకే. తమకు తెలిసింది దొంగకు తెలియదు మరి.

'చందమామ' ఇప్పుడు రావడం లేదు. కథ చెప్పే అవ్వలు మాత్రం ఉన్నారు. కథని తెలిసినా చీకట్లో పిల్లలకు భయమేస్తుంది. అప్పుడు దగ్గరకు తీసుకుంటే చాలు. నిజమేనా అని అడిగితే, కథేనని చెప్పాలి.