తరిగొండ వెంగమాంబ

పాఠ్యభాగ ఉద్దేశం

స్త్రీకి చదువును, వితంతువుకు గౌరవాన్ని నిరాకరించిన కాలంలో తన భక్తిని, తన రచనను కాపాడుకున్న ఒక సీమ కవయిత్రి జీవితాన్ని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

అనంతపురం నుంచి కదిరి మీదుగా మదనపల్లె వైపు సాగిపోయే పీఠభూమి వాన కరవైన నేల. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి ఋతుపవన మేఘాలు ఇక్కడికి చేరేసరికి తేలికైపోతాయి. తూర్పు తీరానికి దూరంగా ఉండడం వల్ల ఈశాన్య ఋతుపవనాల జల్లులూ చాలినంతగా అందవు. చెరువు నిండిన ఏడు పంట, నిండని ఏడు వలస. ఇటువంటి మెట్టసీమ భక్తులకు, యోగులకు, కవులకు పుట్టినిల్లు కావడం విశేషం. కదిరిలో లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నాడు. ఆ సమీపంలోని కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఈ నేలకు దక్షిణపు అంచున, గుర్రంకొండ దుర్గానికి చేరువలో, తరిగొండ అనే గ్రామం ఉంది. పూర్వపు చిత్తూరు జిల్లాకు చెందిన ఈ ఊరి పేరును తెలుగు సాహిత్యంలో స్థిరంగా నిలిపిన కవయిత్రి వెంగమాంబ.

తరిగొండలోనూ ఇలవేల్పు లక్ష్మీనరసింహస్వామియే. పెరుగు చిలికే కుండలో స్వామి విగ్రహం దొరికిందని, ఆ తరికుండ పేరే కాలక్రమంలో తరిగొండ అయిందని స్థలపురాణం చెబుతుంది. ఆ గ్రామంలో నివసించే కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు 1730లో వెంగమాంబ జన్మించింది. నందవరీక బ్రాహ్మణ కుటుంబం వారిది. నృసింహ జయంతి నాడే ఆమె పుట్టిందని సంప్రదాయం. అందుకే నేటికీ ఆమె జయంతిని ఆ పర్వదినాననే జరుపుతారు.

చిన్ననాటి నుంచి వెంగమాంబకు ఆటపాటల కన్న దైవచింతన మీదనే మక్కువ. ఏకాంతంలో కూర్చొని ధ్యానంలో మునిగిపోయేది. తనంతట తానే పాటలు కట్టి పాడుకునేది. ఇరుగుపొరుగులకు ఆ ప్రవర్తన వింతగా తోచింది. ఆమెకు మతి చలించిందని కొందరు చెప్పుకున్నారు. తల్లిదండ్రుల మనసు కలత చెందింది. అప్పట్లో ఆడపిల్లకు అక్షరాభ్యాసం చేయించడమే అరుదు. తనకు ఓనమాలు సైతం నేర్పినవారు లేరని, తన కవిత్వం దైవానుగ్రహం వల్ల కలిగినదని ఆమె తన కావ్యపీఠికలో చెప్పుకున్నది. ఆ మాటలో వినయం ఉన్నది. ఆనాటి స్త్రీల స్థితిని గురించిన సత్యం కూడా ఉన్నది.

ఆమెలోని ప్రతిభను గుర్తించిన గురువు మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి. ఆయన ఆమెకు మంత్రోపదేశం చేసి యోగమార్గాన్ని చూపించాడు. ఆ ఉపకారాన్ని వెంగమాంబ జీవితాంతం మరవలేదు. తన రచనలలో గురువును భక్తితో స్మరించింది. వేదాంతాన్ని, యోగాన్ని స్త్రీకి బోధించడానికి జంకే రోజులలో ఒక పండితుడు చూపిన ఈ ఔదార్యం సామాన్యమైనది కాదు.

ఆనాటి ఆచారం ప్రకారం వెంగమాంబకు బాల్యంలోనే వివాహం జరిగింది. వరుడు ఇంజేటి వేంకటాచలపతి. కాని కొద్దికాలానికే అతడు మరణించాడు. సంసారం అంటే ఏమిటో తెలియని వయసులో ఆమెకు వైధవ్యం ప్రాప్తించింది. వితంతువు గాజులు, పూలు, బొట్టు విడిచిపెట్టాలి, శిరోముండనం చేయించుకోవాలి, శుభకార్యాలకు దూరంగా ఉండాలి. ఇవన్నీ నాటి కట్టుబాట్లు. ఈ నియమాలను వెంగమాంబ అంగీకరించలేదు. వేంకటేశ్వరస్వామియే తన భర్త అని, ఆయనకు మరణం లేదు గనుక తనకు వైధవ్యం లేదని ఆమె విశ్వాసం. ఆ విశ్వాసంతోనే బొట్టు తుడవలేదు, గాజులు తీయలేదు, జుట్టు తీయించుకోలేదు.

గ్రామం దీనిని సహించలేదు. ఒక బాలిక మొండితనం తమ ఆచారానికే ముప్పు తెస్తుందని పెద్దలు భావించారు. కుటుంబాన్ని వెలివేస్తామన్న భయం తల్లిదండ్రులను వెంటాడింది. మతపెద్దల ఎదుట ఆమెను నిలబెట్టి ముండనానికి ఒత్తిడి తెచ్చారని, దైవమహిమ ఆమెను కాపాడిందని జనశ్రుతిలో అనేక కథలు ఉన్నాయి. ఆ అద్భుతాల మాట ఎలా ఉన్నా, వాటి అడుగున ఉన్న విషయం స్పష్టమే. ఊరంతా ఒకవైపు, దిక్కులేని యువతి ఒకవైపు నిలిచిన సంఘర్షణ అది. తన శరీరం మీద, తన వేషం మీద నిర్ణయం తనదేనని చెప్పడానికి ఆమెకు చట్టం తోడు లేదు, ధనబలం లేదు, బంధుబలం లేదు. ఉన్నది భక్తి ఒక్కటే.

ఇటువంటి పోరాటం ఒక్క మతానికి గాని, ఒక్క దేశానికి గాని పరిమితమైనది కాదు. ఇటలీ దేశంలోని సియెనా నగరంలో 1347లో జన్మించిన కేథరిన్ క్రైస్తవ కతోలిక సంప్రదాయంలో ప్రసిద్ధురాలైన యోగిని. ఇంటివారు పెండ్లి చేయబోగా, తన జీవితం క్రీస్తుకే అంకితమని తలచి ఆమె తన జుట్టును తానే కత్తిరించుకున్నది. ఆగ్రహించిన కుటుంబం ఇంటి చాకిరి అంతా ఆమెకు అప్పగించింది. అయినా ఆమె పట్టు విడువలేదు. తన ఆధ్యాత్మిక అనుభవాలను ఇతరుల చేత వ్రాయించింది. 1380లో ముప్పైమూడేళ్ళ వయసులో మరణించింది. 1461లో పోపు ఆమెను పునీతురాలిగా ప్రకటించాడు. ఆమె జుట్టు కత్తిరించుకొని స్వేచ్ఛను నిలుపుకుంటే, వెంగమాంబ జుట్టు తీయించుకోక స్వేచ్ఛను నిలుపుకున్నది. చేసిన పనులు పరస్పరం విరుద్ధంగా కనిపిస్తాయి. చాటిన సత్యం ఒక్కటే. దైవానికి అర్పించిన జీవితం మీద లోకానికి అధికారం లేదని ఇద్దరూ నమ్మారు.

తరిగొండలో ఉండగానే వెంగమాంబ రచన ఆరంభించింది. తరిగొండ నృసింహ శతకం, శివనాటకం, బాలకృష్ణ నాటకం, రాజయోగామృత సారం ఆమె తొలి రచనలు. ఊరి ఆలయంలో ఆంజనేయస్వామి విగ్రహం వెనుక చాటుగా కూర్చొని ఆమె ధ్యానం చేసుకునేదట. అది గమనించిన అర్చకుడు ఆమెను బయటికి ఈడ్చి అవమానించాడని చెబుతారు. పుట్టిన ఊరిలో, కొలిచిన దేవుని గుడిలో తనకు చోటు లేదని గ్రహించిన వెంగమాంబ తరిగొండను విడిచి, అడవులు దాటి, ఒంటరిగా తిరుమల చేరుకున్నది.

తిరుమలలో హాథీరాంజీ మఠంవారు, అన్నమాచార్యుల వంశీయులైన తాళ్ళపాకవారు ఆమెను ఆదరించారు. కాని అక్కడ కూడా ప్రశాంతత వెంటనే లభించలేదు. పొరుగువారి నుంచి ఎదురైన చికాకుల వల్ల ఆమె జనసంచారం లేని తుంబురు కోనకు వెళ్ళిపోయింది. ఎత్తైన కొండచరియల నడుమ జలధార ప్రవహించే ఆ లోయలో కొన్నేళ్ళు యోగసాధన చేసింది. ఆ తరువాత తిరుమలకు తిరిగివచ్చి తుదివరకు అక్కడే నివసించింది. క్రమంగా నిందలు సమసిపోయి, ఆమె పట్ల గౌరవం పెరిగింది.

తిరుమలలో ఆమె రచన విస్తరించింది. విష్ణుపారిజాతం, చెంచు నాటకం, రుక్మిణీ నాటకం, గోపీ నాటకం, జలక్రీడా విలాసం, ముక్తికాంతా విలాసం మొదలైన యక్షగానాలు, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, అష్టాంగయోగ సారం, తత్త్వకీర్తనలు ఆమె సాహిత్యసంపదలో ముఖ్యమైనవి. శ్రీ వేంకటాచల మాహాత్మ్యం ఆమె పేరును ఇంటింటికీ చేర్చిన పద్యకావ్యం. పురాణాలలోని వేంకటాద్రి గాథలను, పద్మావతీ శ్రీనివాసుల కల్యాణ కథను ఆమె అందులో తెలుగు పాఠకులకు అందించింది.

ఆమె ఎన్నుకున్న ప్రక్రియలను గమనించాలి. ద్విపద రెండు పాదాల దేశి ఛందస్సు, పాడుకోవడానికి అనువైనది. పదమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు సామాన్య జనం కోసం చేపట్టినది ఈ ఛందస్సునే. యక్షగానం ఊరి నడుమ ఆడి పాడి చూపించే ప్రదర్శన. చదువురానివారు సైతం విని ఆనందించగల రూపాలివి. కఠినమైన యోగశాస్త్రాన్ని, వేదాంతాన్ని ఆమె ఈ సులభమార్గంలో స్త్రీలకు, సామాన్యులకు చేరువ చేసింది. తనకు మూసివేసిన తలుపును ఇతరులకు తెరిచింది.

తెలుగులో వెంగమాంబకు ముందు తాళ్ళపాక తిమ్మక్క, మొల్ల వంటి కవయిత్రులు ఉన్నారు. ఆమెకు సమకాలికురాలైన ముద్దుపళని తంజావూరును ఏలిన ప్రతాపసింహుని ఆస్థానంలో కవిత్వం చెప్పింది. వెంగమాంబకు రాజాస్థానం లేదు. ఆమె బ్రతికిన కాలం కూడా శాంతమైనది కాదు. నవాబులు, మరాఠాలు, మైసూరు పాలకులు గుర్రంకొండ సీమ కోసం పోరాడుతున్న రోజులవి. 1782లో హైదరాలీ చిత్తూరు సమీపంలోని తన శిబిరంలోనే మరణించాడు. 1791-92 ప్రాంతంలో దక్కనును భయంకరమైన కరవు పీడించింది. 1800లో రాయలసీమ దత్తమండలంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళింది. రాజ్యాలు మారుతున్న ఆ సంక్షోభంలో ఆమె కలం ఆగలేదు.

వెంగమాంబ భక్తి కేవలం ధ్యానంతో ముగియలేదు. నృసింహ జయంతి సందర్భంలో కొండకు వచ్చే యాత్రికులకు ఆమె అన్నదానం చేయించేదని, దాహం తీర్చేందుకు చలిపందిళ్ళు వేయించేదని సంప్రదాయం చెబుతుంది. నీటి విలువ, అన్నం విలువ తెలిసిన కరవుసీమ ఆడపడుచుకు ఆ సేవ సహజమైనదే. రాత్రి ఏకాంతసేవ వేళ స్వామికి ఆమె ముత్యాల హారతి ఇచ్చేది. ఒకప్పుడు గుడి నుంచి గెంటివేయబడిన స్త్రీ పేరు మీద నేటికీ తిరుమల ఆలయంలో ఆ హారతి కొనసాగుతున్నది. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని జనం జంటగా చెప్పుకోవడం పరిపాటి అయింది.

ఎనభై ఏడేళ్ళ నిండు జీవితం గడిపిన వెంగమాంబ 1817లో, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమి నాడు తిరుమలలో పరమపదించింది. ఆమె బృందావనం కొండమీదనే ఉన్నది. ఏటా ఆ తిథినాడు అక్కడ ఆమె వర్ధంతి జరుగుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆమె రచనలను ముద్రించింది. 2011లో తిరుమలలో ప్రారంభమైన విశాలమైన అన్నప్రసాద భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు.

ఆ భవనంలో ప్రతిదినం వేలాది యాత్రికులు కులభేదం, లింగభేదం లేకుండా ఒకే పంక్తిలో కూర్చొని భోజనం చేస్తారు. తన ఊరు పంక్తిలో చోటు ఇవ్వని ఒక వితంతువు పేరు ఆ వాకిట ఉన్నది. ఆచారం పేరుతో జరిగే అన్యాయాన్ని ఆమె ద్వేషంతో ఎదిరించలేదు, దానికి లొంగిపోనూ లేదు. వ్రాసి, పాడి, పెట్టి జయించింది. ఆమెను వెలివేసినవారి పేర్లు లోకం మరచిపోయింది. ఆమె పద్యాలు మాత్రం మిగిలాయి.

కఠిన పదాలకు అర్థాలు

పీఠభూమి : ఎత్తైన సమతల ప్రదేశం
శిరోముండనం : తల వెంట్రుకలు పూర్తిగా తీయించడం
జనశ్రుతి : ప్రజలు చెప్పుకునే మాట
ఏకాంతసేవ : రాత్రి స్వామిని నిద్రపుచ్చే చివరి సేవ
బృందావనం : మహనీయుల సమాధి స్థలం

ప్రశ్నలు

1. వైధవ్య నియమాలను వెంగమాంబ ఎందుకు నిరాకరించింది? అందువల్ల ఆమెకు ఎదురైన కష్టాలు ఏవి?
2. సియెనా కేథరిన్, వెంగమాంబల జీవితాలలోని పోలికలను, భేదాలను వివరించండి.
3. ద్విపద, యక్షగాన ప్రక్రియలను చేపట్టడం వల్ల వెంగమాంబ సాధించిన ప్రయోజనం ఏమిటి?
4. వెంగమాంబ సేవాదృష్టిని గురించి వ్రాయండి.