పిప్పిలో రేడియం: మేడమ్ క్యూరీ జీవితం



ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చేసిన పని ఒక్కటే. అణు వ్యర్థాల నమూనాలను యంత్రంలో ఉంచి, ఏ రేడియోధార్మిక మూలకం ఎంత ఉందో లెక్కకట్టి రిజిస్టరులో రాయడం. చెత్తను కొలవడానికి కూడా జీతమిస్తారా అని మా ఇంట్లో నవ్వేవారు. అప్పుడు నేను వారికి మేడమ్ క్యూరీ గారి కథ చెప్పేవాణ్ణి. మా పనికి మూలపురుషుడు లేడు, ఉన్నది ఆ తల్లే.

ఆమె అసలు పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. 1867 నవంబరు 7న వార్సాలో పుట్టారు. పోలెండులోని ఆ ప్రాంతం అప్పుడు రష్యా ఏలుబడిలో ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. పరాయి ఇళ్ళలో పిల్లలకు చదువు చెప్పి, ఆ డబ్బుతో ముందు అక్కగారి పారిస్ చదువుకు సాయపడ్డారు. 1891లో తానూ పారిస్ వెళ్ళారు. 1895లో పియరీ క్యూరీని వివాహమాడారు.

యురేనియం కిరణాలు సోకిన గాలిలో అతి స్వల్పంగా విద్యుత్తు ప్రవహిస్తుంది. అంత స్వల్ప విద్యుత్తును కొలవగల సాధనాన్ని పియరీ, ఆయన అన్నగారు అంతకుముందే తయారుచేసి ఉన్నారు. దానితో ఆమె ఎన్నో ఖనిజాలను వరసగా కొలిచారు. పిచ్‌బ్లెండ్ అనే ఖనిజం దగ్గర లెక్క కుదరలేదు. అది స్వచ్ఛమైన యురేనియం కన్నా ఎక్కువ చూపించింది. మళ్ళీ కొలిచినా అదే అంకె. ఇంకొకరైతే సాధనం చెడిందనుకునేవారు. ఆమె మాత్రం అందులో ఎవరూ ఎరుగని మూలకం ఉందని గ్రహించారు. 1898 జూలైలో పొలోనియం, డిసెంబరులో రేడియం ఉన్నాయని ప్రకటించారు.

అయితే వేరుచేసి చూపనిదే రసాయన శాస్త్రజ్ఞులు నమ్మరు. ఖనిజం కొనే స్తోమత లేదు. బొహీమియాలోని జోకిమ్‌స్టాల్ గని దగ్గర, గాజుకు రంగునిచ్చే యురేనియం తీసుకుని, మిగిలిన పిప్పిని అడవిలో పారబోసేవారు. ఆస్ట్రియా ప్రభుత్వం అందులో ఒక టన్ను ఉచితంగా ఇచ్చింది. పైన్ ఆకులు కలిసిన ఆ మట్టి బస్తాలు పారిస్ చేరాయి. వాన కారే షెడ్డులో ఇరవై కిలోల చొప్పున మరిగించి, తనంత పొడవున్న ఇనుప కడ్డీతో కలియబెట్టేవారు. ప్రతి మెట్టులో విడిపోయిన భాగాలను కొలిచి, ఎక్కువ చూపిన దానిని ఉంచుకునేవారు. టన్నులకొద్దీ పిప్పి వడపోయగా 1902 నాటికి దక్కినది గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడు!

1903లో భర్తతోపాటు నోబెల్ బహుమతి వచ్చింది. 1906లో పియరీ గుర్రపు బండి కింద పడి మరణించారు. ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన ఆమె పని మానలేదు. 1911లో రెండవ నోబెల్ అందుకున్నారు. అదే ఏడు సుమారు 22 మిల్లీగ్రాముల రేడియం క్లోరైడును గాజు గొట్టంలో మూసి, లోకానికి ప్రామాణిక తూనికగా ఇచ్చారు. రేడియం తీసే పద్ధతికి పేటెంటు మాత్రం తీసుకోలేదు.

ఇన్ని కొలిచిన ఆమె తన ఒంటికి సోకిన కిరణాలను మాత్రం కొలుచుకోలేదు. వాటి కీడు ఎంతటిదో తొలినాళ్ళలో ఎవరికీ తెలియదు. రేడియం గొట్టాలు జేబులో వేసుకుని తిరిగేవారు. వేళ్ళు కాలి మొద్దుబారాయి. ఎముకల మూలుగలో రక్తం ఊరక 1934 జూలై 4న కన్నుమూశారు. రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అందుకే ఆమె నోటు పుస్తకాలను నేటికీ సీసపు పెట్టెల్లో భద్రపరుస్తున్నారు.

మా చొక్కాలకు ఒక చిన్న బ్యాడ్జి ఉండేది. మా ఒంటికి ఎంత సోకిందో అది చెప్పేది. దాని లెక్క పరిమితిలోనే ఉందని కాగితం వచ్చిన ప్రతిసారీ నాకు ఆమె చేతులే గుర్తుకొచ్చేవి. ఆమెకు లేని ఆ బ్యాడ్జి మాకుండబట్టే నేనివాళ మనుమల మధ్య కూర్చుని ఈ నాలుగు ముక్కలు రాయగలిగాను.