యుద్ధమెరుగని సేనాని

ముడిమ్యాల, చేవెళ్ల, మొయినాబాదు వంటి గ్రామముల నుండి ఉపాధ్యాయులు విద్యార్థులను వెంటబెట్టుకొని భాగ్యనగరమునకు వచ్చినపుడు, సాలార్‌జంగ్ ప్రదర్శనశాలను చూపక మరలుట అరుదు. గంట గంటకు చిన్న బొమ్మ వెలికివచ్చి గంట కొట్టు గడియారము చుట్టు పిల్లలు మూగుదురు. మేలిముసుగు ధరించిన రెబెకా పాలరాతి విగ్రహము ముందు నివ్వెరపోవుదురు. ఆయుధముల గదిలో మాత్రము వారి అడుగులు త్వరపడును. అచటి కత్తులన్నియు ఒక్కరీతిగనే తోచుటయే అందులకు కారణము. ఆ వస్తువులను కూర్చిన మనిషి జీవితమును, కత్తిని చూడవలసిన తీరును తెలిసికొన్నచో ఆ గదిలో కొంతసేపు నిలువబుద్ధి పుట్టును.

సాలార్ అనగా సేనాని. జంగ్ అనగా యుద్ధము. నిజాము రాజ్యమున ఈ బిరుదము ఒక ప్రధానమంత్రుల వంశమునకు పేరుగ నిలిచినది. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1853లో దివాను పదవికి వచ్చి, 1883లో మరణించువరకు రాజ్యభారము వహించెను. ఆయన కుమారుడు మీర్ లాయక్ అలీఖానును దివానుగ పనిచేసెను. ఆ లాయక్ అలీఖానునకు 1889 జూన్ 13న పూనాలో జన్మించినవాడే మన కథానాయకుడు మీర్ యూసుఫ్ అలీఖాన్. బిడ్డకు నెల నిండకముందే తండ్రి గతించెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆ పసివాని పోషణభారమును స్వీకరించెను. 1912లో ఏడవ నిజాము ఈ మూడవ సాలార్‌జంగును దివానుగ నియమించెను. అప్పటికాయన వయస్సు 23 ఏండ్లు. తాతతండ్రులు వహించిన పదవి అంత చిన్నతనముననే చేతికి వచ్చినను, 1914లో ఆయన దానిని విడిచిపెట్టెను.

అది మొదలు ముప్పదియైదేండ్లు ఆయనకు వస్తుసేకరణమే రాజ్యమయ్యెను. మూసీనదికి సమీపముననున్న దివాన్‌దేవిడీకి దేశదేశముల వర్తకులు వచ్చుచుండిరి. ఐరోపా యాత్రలలో ఆయనయే స్వయముగ వస్తువులను ఏరి తెచ్చెను. వ్రాతప్రతులు, చిత్తరువులు, దంతపు పనులు, గడియారములు, పింగాణీలు గదులను నింపెను. వానితోబాటు ఆయుధములును చేరెను. జహంగీరు, నూర్జహానుల పేర్లతో ప్రసిద్ధములైన రత్నఖచితపు చురకత్తులు ఆ సంగ్రహములోనివే. రత్నములు గల కత్తిని ఎవరైనను దాచుదురు. సామాన్యుడైన గుఱ్ఱపు రౌతు చేతి కత్తి సంగతి అట్లు కాదు. తుపాకులు వచ్చి కత్తి వాడుక తప్పినపిదప దానికి సాధారణముగ కమ్మరి కొలిమియే తుదిగతి. సేకర్త కన్నుపడి నిలిచినవి మాత్రమే నేడు మనకు మిగిలినవి.

అట్టి కత్తిని గుర్తించుట ఎట్లు? పరుగిడు గుఱ్ఱము మీదనుండి వేటు వేయవలెను గావున రౌతు కత్తికి సాధారణముగ వంపు ఉండును. వంపుగల అలుగు కోసికొనుచు జారిపోవును. తల్వారు పిడి చివర గుండ్రని బిళ్ల యుండి మణికట్టును అదుపులో నుంచును. అట్లని వంపు ఒక్కటే గుర్తు కాదు. దక్కనులో ఫిరంగి యను నిటారు కత్తియు వాడుకలో నుండెను. ఇచట ఫిరంగి యనగా తోపు కాదు. ఐరోపావారి అలుగునకు దేశీయమైన పిడి తొడిగిన కత్తి. కావున పిడిని చూచి కత్తి పుట్టుకను నిర్ణయింపరాదు. అలుగు వెన్నును, దాని మీది ముద్రలను పరీక్షింపవలెను.

ఇందులకు హైదరాబాదు రాజ్యమునందే గొప్ప నిదర్శనము కలదు. మద్రాసు రాజధానిలో పనిచేసిన నోలన్ అను ఆంగ్ల సైన్యాధికారి, నిజాము రౌతుల కత్తి గాయములను గూర్చిన వైద్యుని నివేదికను చదివి విస్మయము చెందెను. ఒక్కొక్క వేటునకు చేతులే తెగిపడినవి. ఇంతటి కత్తులు ఎచటివని విచారింపగా, అవి చాలవరకు ఆంగ్ల సైన్యము పాతవని పారవేసిన అలుగులే యని తేలెను. రౌతులు వానికి తమ పద్ధతిలో చిన్న పిడులు తొడిగి, మంగలికత్తివలె పదునుపెట్టి, కొయ్య ఒరలో నుంచి, పోరున తప్ప బయటికి దీయకుండిరి. ఆంగ్లేయుల ఇనుప ఒర వాదరను మొద్దుబార్చుచుండెను. ఈ సంగతిని నోలన్ 1853లో తన గ్రంథమున వ్రాసి, మరుసటి యేడు క్రిమియా యుద్ధమున మరణించెను. లోహము వారిదే, పదును మనదయ్యెను.

దీనికి మారుగ, పారసీకపు కత్తులలో మన లోహము కలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుటకు ఇస్ఫహాను వర్తకులు వచ్చెడివారని 19వ శతాబ్ది తొలిపాదమున వాయిసే అను వైద్యుడు చూచి వ్రాసెను. ఉక్కు అను మన మాటయే ఆంగ్లేయుల నోట వూట్జ్ అయినదని పండితుల అభిప్రాయము. అట్టి ఉక్కు అలుగు మీద నీటి అలలవంటి గీతలు కనబడును. దానినే జౌహరు అందురు. ఇది నమ్మదగిన గుర్తు. చెక్కిన పేరు అట్లు కాదు. ఇస్ఫహానుకు చెందిన అసదుల్లా యను పనివాని పేరును అతడెరుగని కత్తులమీద కూడ ఎందరో చెక్కిరి.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసెను. ఆరు మాసములు గడవకముందే, 1949 మార్చి 2న సాలార్‌జంగ్ గతించెను. ఆయన అవివాహితుడు. సంతానము లేదు. యజమానిలేని ఇంటిలో అంతటి సంపద పంపకములలో చెదరిపోవుటకు ఎంతో కాలము పట్టదు. కాని ప్రభుత్వము ముందుకు వచ్చెను. మదనపల్లె కళాశాలలో బోధించిన జేమ్స్ కజిన్స్ ఆ వస్తువులను ప్రదర్శనకు అమర్చెను. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించెను. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ అయినది. 1968లో మూసీ తీరమున కొత్త భవనమునకు మారినది.

దసరానాడు ఆయుధపూజకై పాతకత్తి తీయు ఇండ్లు పల్లెలలో నేటికిని కలవు. ఇటుకపొడితో తోమినచో జౌహరు చెరిగిపోవును, బంగారుపూత రాలిపోవును. మెత్తని గుడ్డతో తుడిచి, కొంచెము నూనె రాచిన చాలును. నూరేండ్లు దాటిన వస్తువు 1972 చట్టము ననుసరించి పురావస్తువగును. దానిని సొంతముగ విదేశములకు పంపరాదు. సేనాని యను బిరుదము మోసిన ఆయన ఏ యుద్ధమును చేయలేదు. యుద్ధములు ముగిసిన కత్తులకు నీడ నిచ్చెను. ఆ నీడలో నిలిచి ఒక్క కత్తినైనను పిడినుండి మొనవరకు నిదానముగ చూచిన విద్యార్థికి, చరిత్ర కేవలము రాజుల పేర్ల పట్టిక కాదని తెలియును.