చిత్తజల్లు పుల్లయ్య

చిత్తజల్లు పుల్లయ్య (1898 - అక్టోబరు 6, 1967) తెలుగు సినిమా తొలితరం దర్శకులలో ప్రముఖుడు. సి.పుల్లయ్యగా ప్రసిద్ధుడు. మూకీల కాలంలో కాకినాడలోనే ఒక చిన్న చిత్రాన్ని తీసి, తరువాత టాకీలలోను, చివరకు రంగుల చిత్రాలలోను పనిచేశాడు. ఇంటిపేరు తొలి అక్షరం వేరైనా పేరు ఒకటే కావడం వలన, ఈయన చిత్రాలను మరొక దర్శకుడు పి.పుల్లయ్యకు ఆపాదించే పొరపాటు తరచు జరుగుతూ ఉంటుంది.

తొలి ప్రయత్నాలు

పుల్లయ్య కాకినాడలో జన్మించాడు. అప్పట్లో ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో ఉండేది. సినిమాపై ఆసక్తితో మద్రాసు చేరి, రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ఆర్.ప్రకాష్ నెలకొల్పిన సంస్థలో పని నేర్చుకున్నాడు. తిరిగి వచ్చిన తరువాత 1920ల మధ్యకాలంలో కాకినాడలో "భక్త మార్కండేయ" అనే మూకీని తీశాడు. స్టూడియో లేదు, విద్యుద్దీపాల వసతి లేదు. ఆ రోజుల్లో కెమెరాను చేతితో తిప్పవలసి వచ్చేది. చేయి వేగం మారితే తెరమీద మనిషి నడక కూడా మారిపోయేది. బొమ్మ కదలడమే ప్రేక్షకులకు వింతగా ఉన్న కాలమది. దక్షిణాది మూకీలలో నేటికి మిగిలినవి చాలా కొద్ది. టూరింగు సినిమా నడిపిన అనుభవం కూడా ఈయనకు ఉంది. ఏ సన్నివేశానికి జనం ఊపిరి బిగబట్టి చూస్తారో, ఎక్కడ విసుగుపడతారో డేరాలో కూర్చుని గమనించినవాడు కావడమే ఈయన విజయాలకు ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చు.

కలకత్తా రోజులు

టాకీలు వచ్చిన కొత్తలో తెలుగునాట స్టూడియోలు లేవు. అందువలన ఈస్టిండియా ఫిలిం కంపెనీ తరఫున కలకత్తాలో "సతీసావిత్రి" (1933), "లవకుశ" (1934) చిత్రాలకు దర్శకత్వం వహించాడు. మొదటి దానిలో రామతిలకం, యముడుగా వేమూరి గగ్గయ్య నటించారు. రెండవ దానిలో పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. "లవకుశ" ఘనవిజయం సాధించింది. పల్లెల నుండి జనం బండ్లు కట్టుకొని వచ్చి చూశారు.

చిన్న చిత్రాలు

పుల్లయ్య కృషిలో నేడు అంతగా గుర్తుకురాని భాగం ఇదే. 1936లో "అనసూయ", "ధ్రువవిజయం" అనే రెండు చిత్రాలను తీసి, రెంటినీ ఒకే ప్రదర్శనలో చూపారు. వీటిలో పాత్రధారులందరూ పిల్లలే. పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన సి.కృష్ణవేణి పదకొండేళ్ళ వయసులో అనసూయ పాత్రతో సినిమారంగంలో ప్రవేశించింది. పిల్లలు మునులుగా, దేవతలుగా కనబడినప్పుడు ఇది నటన అన్న సంగతిని ప్రేక్షకుడు ఒక్క క్షణం కూడా మరచిపోలేడు. అయినా కథలో లీనమవుతాడు. స్టేజి నాటకాన్ని యథాతథంగా కెమెరా ముందు ఉంచడమే సినిమా అనుకుంటున్న కాలంలో ఇది సాహసమే.

1937-38 సంవత్సరాలలో "చల్ మోహనరంగా", "కాసులపేరు", "సత్యనారాయణ వ్రతం" అనే చిన్న చిత్రాలు వెలువడ్డాయి. పద్యాలు, పాటలతో సుదీర్ఘంగా సాగే పౌరాణికాలకు అలవాటుపడిన ప్రేక్షకులకు ఈ పొట్టి చిత్రాలు కొత్త. ఈ పద్ధతి తెలుగులో నిలదొక్కుకోలేదు. ప్రదర్శకులకు, పంపిణీదారులకు పూర్తి నిడివి చిత్రమే లాభసాటిగా ఉండడం ఇందుకు కారణం కావచ్చు.

తరువాతి చిత్రాలు

కాళ్ళకూరి నారాయణరావు నాటకం ఆధారంగా తీసిన "వరవిక్రయం" (1939) ద్వారా భానుమతిని పరిచయం చేశాడు. జెమినీ సంస్థకు తీసిన "బాలనాగమ్మ" (1942)లో కాంచనమాల, గోవిందరాజుల సుబ్బారావు నటించారు. కాకినాడలో నాటకాలు వేస్తున్న అంజలీదేవికి "గొల్లభామ" (1947)లో అవకాశమిచ్చాడు. రేలంగి వెంకట్రామయ్య చాలా కాలం ఈయన వద్దనే ఉండి, చిన్న వేషాలతో పాటు నిర్మాణపు పనులు కూడా చూశాడు.

ఆ రేలంగినే కథానాయకునిగా పెట్టి తీసిన "పక్కింటి అమ్మాయి" (1953)ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇది బెంగాలీ చిత్రం "పాశేర్ బాడీ"కి తెలుగు రూపం. పాట రాని నాయకుడు కిటికీ దగ్గర పెదవులు కదుపుతుంటే, వెనుక దాగిన మిత్రుడు పాడతాడు. ఆ మిత్రునిగా గాయకుడు ఎ.ఎం.రాజా స్వయంగా నటించాడు. ప్రతి సినిమాలోనూ తెరవెనుక జరిగే నేపథ్యగానమే ఇక్కడ కథా, హాస్యమూ అయింది. గుట్టు బయటపడుతుందేమోనన్న ఆదుర్దాతో ప్రేక్షకుడు చూస్తున్నది నిజానికి సినిమా తయారయ్యే పద్ధతినే. ఇదే కథ తరువాత హిందీలో "పడోసన్" (1968)గా వచ్చింది.

రెండవ లవకుశ

1950ల చివరలో శంకరరెడ్డి నిర్మాతగా "లవకుశ"ను రంగులలో మళ్ళీ ప్రారంభించాడు. ధనాభావం వలన నిర్మాణం మధ్యలో ఆగిపోయింది. తిరిగి మొదలైన నాటికి పుల్లయ్య ఆరోగ్యం సహకరించలేదు. తన పేరును నిలబెట్టిన కథను తానే ముగించలేని పరిస్థితి వచ్చింది. మిగిలిన భాగాన్ని కుమారుడు సి.ఎస్.రావు పూర్తిచేశాడు. 1963 మార్చి 29న విడుదలైన ఈ చిత్రం పూర్తి నిడివి గల మొదటి తెలుగు రంగుల చిత్రం. ఎన్.టి.రామారావు రాముడు, అంజలీదేవి సీత. దర్శకులుగా తండ్రీకొడుకులిద్దరి పేర్లూ వేశారు.

పుల్లయ్య అంతటితో విరమించుకోలేదు. "పరమానందయ్య శిష్యుల కథ" (1966), "భువనసుందరి కథ" (1967) ఆ తరువాత తీసినవే.