పాట అందరిదీ, బాధ ఒక్కడిదీ

ఇంగ్లీషు పాటలు వినే మిత్రులకు ఫ్రెడ్డీ మెర్క్యురీ పేరు కొత్త కాదు. కానీ అతడు మన పంచగనిలో చదువుకున్న పార్సీ కుర్రాడని తెలిసినవాళ్లు తక్కువే.

అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబరు 5న ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవిలో పుట్టాడు. చిన్నప్పుడే పంచగని హాస్టలుకు పంపేశారు. అక్కడే తోటి పిల్లలతో హెక్టిక్స్ అనే బృందం కట్టి పియానో వాయించాడు. 1964లో జాంజిబార్ విప్లవంతో ఆ కుటుంబం ఇంగ్లండు చేరింది. 1970లో క్వీన్ బృందం పుట్టింది. 1975లో వచ్చిన బొహీమియన్ రాప్సొడీ దాదాపు ఆరు నిమిషాల పాట. అంత పొడుగు పాట రేడియోలో నడవదన్నారు. అది బ్రిటన్‌లో 9 వారాలు మొదటి స్థానంలో నిలబడింది!

1985 జూలై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం లండన్ వెంబ్లీ స్టేడియంలో పాడాడు. 70 వేల మంది ఒక్క గొంతై అతని వెంట పాడారు. మాది వ్యవసాయ కుటుంబం. వరినాట్లప్పుడు పాట ఎత్తుకున్నది ఎవరని ఎవరూ అడగరు, అందరూ అందుకుంటారు. ఆ రోజు వెంబ్లీ నాకు అలాగే కనిపిస్తుంది.

కానీ పాట ఆగిపోయాక ప్రశ్నలు మొదలయ్యేవి. అతని మనసు మగవాళ్ల వైపు మొగ్గింది. ఇంగ్లండులో 1967లోనే చట్టం కొంత సడలినా, లోకం సడలలేదు. 1984లో బృందమంతా ఆడవేషం కట్టి ఒక పాట చిత్రీకరిస్తే బ్రిటన్ నవ్వుకుని ఆదరించింది, అమెరికాలో చాలామందికి మింగుడుపడలేదు. తనకు ఎయిడ్స్ ఉందని 1991 నవంబరు 23న ప్రకటించాడు. మర్నాడే పోయాడు. వయసు 45.

సైన్సు విద్యార్థిగా నాకు తెలిసింది ఒక్కటే: వైరస్‌కు కులం లేదు, గుణం లేదు. సిగ్గుపడవలసింది రోగి కాదు, వేలెత్తి చూపేవాడు. 1992 ఏప్రిల్ 20న అదే వెంబ్లీలో అభిమానులు మళ్లీ చేరి అతని కోసం పాడారు. ఎయిడ్స్ మీద పనిచేసే మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టు అతని పేర నడుస్తోంది. మంచిదే. కానీ ఆ ఆదరణ అతను బతికుండగా దక్కితే దాచుకోవలసిన అవసరమే ఉండేది కాదేమో!

మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య అలాంటి ప్రేమ నేరం కాదని తేల్చింది. తీర్పు ఢిల్లీలో వచ్చింది, హాస్టలు వరండా దాకా ఇంకా రాలేదు. నడకలో కాస్త వయ్యారం ఉంటే చాలు, ఆడంగి అని పేరు పెట్టేస్తారు. పెట్టిన నోళ్లే రాత్రిళ్లు క్వీన్ పాటలు హుషారుగా పాడతాయి.

మిత్రులారా, గొంతును ప్రేమించడం సులువు, పైసా ఖర్చు లేని పని. ఆ గొంతు ఉన్న మనిషికి పక్కన చోటివ్వడమే అసలు అభిమానం. అది చచ్చినవాడికి కాదు, రేపు మెస్‌లో మన బెంచీ మీద కూర్చోబోయేవాడికి కావాలి.

— బి.యస్సీ., ద్వితీయ సంవత్సరం